బతికి బట్టకట్టాడు, సరే. తర్వాత?

"బతికి బట్టకట్టినాడు, అది చాల్లే" అని మా అన్న గురించి ఊరంతా అన్నది. ఆయన ఉన్నన్నాళ్లూ నేనా మాట ఒప్పుకోలేదు, పోయాక అసలే ఒప్పుకోను. తలకు దెబ్బ తగిలిన మనిషిని ప్రాణంతో ఇంటికి పంపితే పని అయిపోయిందని ఈ దేశంలో డాక్టరూ, సర్కారూ, చుట్టాలూ అందరూ నమ్ముతున్నారు. ఆ నమ్మకం కింద నలిగేది ఆ మనిషి ఒక్కడే కాదు, ఆ ఇల్లంతా.

మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) పక్కన క్యాసంబళ్ళి. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూసేశాక ఈ చుట్టుపక్కల పడుచువాళ్లకు బెంగళూరే దిక్కయింది. తెల్లారకముందు రైలు, రాత్రికి మళ్ళీ రైలు, స్టేషన్ నుంచి ఇంటికి మోటార్‌సైకిలు. అన్న ఆ చివరి ముక్క దారిలో పడ్డాడు. హెల్మెట్ బండికి వేలాడుతూ ఉండిపోయింది. ఆపరేషన్ బాగా జరిగింది. లేచాడు, నడిచాడు, అందరి పేర్లూ చెప్పాడు. కాలూ చేయీ చెక్కుచెదరలేదు.

కానీ పొయ్యి మీద పాలు మాడుతున్నా పక్కనే కూర్చునేవాడు. వాసన తెలిసేది కాదు. జీతం తెచ్చి వదిన చేతిలో పెట్టిన మనిషి దారిలో అడిగినవాడికల్లా డబ్బిచ్చి వచ్చేవాడు. పిల్లలు గట్టిగా నవ్వితే కంచం విసిరేవాడు, కాసేపటికి ఆ పిల్లల్నే ఒళ్ళోకి తీసుకుని ఎందుకేడుస్తున్నారని అడిగేవాడు. పనిలోంచి తీసేశారు. అయినా ఏళ్ల తరబడి తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, టిఫిన్ బాక్సు పట్టుకుని రైలుకు టైమైందని గుమ్మం దగ్గర నిలబడేవాడు. వదిన రోజూ నచ్చజెప్పి లోపలికి తీసుకొచ్చేది.

"గుండ్రాయి మాదిరుండాడే, వానికేం రోగం? పనిదొంగ" అన్నారు. తాగుతున్నాడన్నారు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నారు. చెప్పీ చెప్పీ వదిన చెప్పడమే మానేసింది.

అది పొగరు కాదు, గాలి కాదు, గాయం. పుర్రె లోపల, నుదుటి వెనక, అడుగు భాగం గరుకుగా ఉంటుంది. వేగంగా పోతున్న తల ఒక్కసారిగా ఆగితే మెదడు ఆ గరుకు ఎముకకు కొట్టుకుంటుంది. కోపాన్ని అణచేదీ, ముందువెనకలు చూసేదీ, మొదలుపెట్టిన పనిని చివరిదాకా నడిపేదీ మెదడు ముందు భాగమే. వాసన తెచ్చే సన్నని నరాలు తెగేదీ అక్కడే. లోతుల్లో తెగిన నరాల పోగులు చాలాసార్లు సీటీ స్కాన్‌లో కనబడనే కనబడవు.

ఇది నిన్న మొన్న తెలిసింది కాదు. 1848లో అమెరికాలో రైలు దారి కోసం బండలు పేలుస్తుంటే, మందు దట్టించే ఇనుపకడ్డీ ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ తలలోంచి దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. గుణం మారిపోయిందని, పాత యజమానులు అతన్ని మళ్ళీ మేస్త్రీగా పెట్టుకోలేదని వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాసిపెట్టాడు. బండ పేల్చి పొట్టపోసుకున్న ఈ సీమకు ఆ కడ్డీ ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. మరి నూటడెబ్బై ఏళ్ల నాటి ఆ తెలివి మన వైకల్య సర్టిఫికెట్లిచ్చే గదిదాకా ఇంకా ఎందుకు రాలేదు?

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు పోతే 14 శాతం అని లెక్క ఉండేది. జ్ఞాపకం పోతే ఎంతో, వివేకం పోతే ఎంతో చెప్పే వరస ఉండేది కాదు. ఆ చట్టం తెల్లవాళ్ల కాలం నాటిది. 2016లో మనమే రాసుకున్న వికలాంగుల హక్కుల చట్టం సంగతేమిటి? 1995లో 7 రకాలుగా ఉన్న వైకల్యాలు అందులో 21 అయ్యాయి. పార్కిన్సన్స్ చేరింది, మల్టిపుల్ స్క్లెరోసిస్ చేరింది, యాసిడ్ దాడి బాధితులు చేరారు. చేరాల్సినవే. దెబ్బ తగిలి మెదడు పాడైనవాళ్లకు మాత్రం అందులో పేరు లేదు.

పేరు లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. నడుస్తున్నాడు, కాబట్టి అంగవైకల్యం కాదు. మాట్లాడుతున్నాడు, కాబట్టి మాట లోపమూ కాదు. చివరికి మానసిక రోగం కింద కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగారు. అన్న ఆ కాసేపూ మర్యాదగా, చక్కగా జవాబిచ్చాడు. రాత్రీ పగలూ ఆయనతో ఉన్న వదినను గది బయటే ఉంచారు. వైకల్యం 40 శాతం లేదని తేల్చారు. 40 లేకపోతే ఆ చట్టమిచ్చే పెద్ద మేళ్లేవీ అందవు.

2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. మొదటి అంకె మీద మంత్రులు మాట్లాడతారు. రెండో అంకెలోని మనుషులు ఏ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నారో అడిగినవాడు లేడు. 2025 మేలో కేంద్రం ప్రమాద బాధితులకు నగదు లేని చికిత్స పథకం తెచ్చింది. లక్షన్నర దాకా, ఏడు రోజుల దాకా. మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఎనిమిదో రోజు నుంచి ఎవరు చూస్తారు? వదినలే, అమ్మలే, బడి మానేసిన ఆడపిల్లలే.

ఈ గాయం పేరు చట్టంలో చేరిస్తే దొంగ కాగితాలతో జనం ఎగబడతారని అధికారులు భయపెడతారు. ఆ భయానికి ఆధారం లేదు. జ్ఞాపకాన్నీ, ధ్యాసనూ, ఆలోచననూ కొలిచే పరీక్షలను బెంగళూరు నిమ్హాన్స్ మన జనానికి సరిపోయేలా 2004లోనే తయారుచేసింది. కొలబద్ద ఉంది. కొలవాలన్న మనసు లేదు.

అన్న చివరికి మూర్ఛ వచ్చి పోయాడు. మరణ పత్రంలో తలదెబ్బ ఊసే లేదు.

మైసూరు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కె.సి. రెడ్డిని ఇచ్చిన ఊరు మాది. ఈ ఊరి నుంచే అడుగుతున్నాను. 2016 చట్టం షెడ్యూలు చివర, కేంద్రం ప్రకటించే ఏ ఇతర రకమైనా చేర్చుకోవచ్చని రాసే ఉంది. దానికి పార్లమెంటు మళ్ళీ కూర్చోనక్కర్లేదు, ఒక్క గెజిట్ ప్రకటన చాలు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే మీ ఎంపీకి ఈ ఒక్క సంగతి ఉత్తరం రాయండి. ఆ మనిషిని చూసుకునే ఆడమనిషి చేత కూడా సంతకం పెట్టించండి.