తొడుగు బేరము

హనుమాన్ జంక్షనులో రైలు అనగానే, పేరు నూజివీటిదై యుండియు జంక్షను చెంతనే నిలిచియున్న స్టేషను ఎల్లరకు మనసునకు వచ్చును. ఈ వారము మేము వ్రాయబూనిన రైలు వేరు. ఇది తుపాకి మీది రైలు. సైనికుని కార్బైనుకు ముందుభాగమున, కాలిన గొట్టము చేతికి తగులకుండ కప్పుచు, ఎడమచేతికి పట్టు నిచ్చు తొడుగొకటి యుండును. దానినే హ్యాండ్‌గార్డు అందురు. ఆ తొడుగునకు పైనను ప్రక్కలను గంట్లు కోసిన పట్టా యుండినచో దానిపై రాత్రి చూపు యంత్రమును, లేజరు దీపమును, టార్చిని బిగించుకొనవచ్చును. తుపాకితో వచ్చిన తొడుగును విప్పివైచి, వేఱొక కంపెనీ చేసిన పట్టాల తొడుగును కొని వేయుట నేడు పెక్కు దేశముల సైన్యములలో సాధారణమైనది. ఏ తొడుగును కొనవలెను? ఏ లెక్కన ఎన్నవలెను? ఇదియే మా ప్రసంగము.

ఇది మనకేల యని పఠనమందిరములో ఒక పెద్దమనిషి మమ్మడిగిరి. ఆయన ప్రక్కనే కూర్చున్న యువకుడు టెక్సాసులోని తన బంధువు కొనుక్కొన్న తొడుగు బొమ్మను ఫోనులో చూపుచుండెను. అచ్చట అది అంగడి సరకు. నచ్చినది పోస్టులో ఇంటికి వచ్చును. ఇచ్చట తొడుగు మాట యట్లుంచి, దానిని వేయవలసిన కార్బైనే మనకు నిషిద్ధము. 1878లో లిట్టను ప్రభుత్వము ఆయుధ శాసనమును తెచ్చి దేశమును నిరాయుధము చేసెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినప్పుడు కోరినది ధనము గాదు, తుపాకులు. 26 పోలీసు కార్బైనులును, సుమారు 2,500 తూటాలును ఆయన చేజిక్కెను. స్వతంత్ర భారతము 1959లో తన శాసనమును తానే వ్రాసికొన్నది. సైన్యము వాడు తూటాల తుపాకి సామాన్యుని లైసెన్సుకు అందరాదని అదియు శాసించినది. ఆ నిషేధము తప్పని మేమనము. జంక్షనులో బస్సు కొఱకు నిలిచిన ప్రతివాని భుజమునను కార్బైను వ్రేలాడవలెనని మా కోరిక కాదు. కాని ఎన్నిక మన చేతిలో లేనప్పుడు, మన పేర, మన పన్నుతో, మన బిడ్డల కొఱకు ఎన్నువారు మనకు లెక్క చెప్పవలదా? కృష్ణా, ఏలూరు జిల్లాల పల్లెలనుండి సైన్యమునకు పోయినవారి తల్లిదండ్రులు ఈ పత్రికను చదువుచున్నారు. పెద్దమనిషి ప్రశ్నకు ఇదియే మా జవాబు.

కార్బైను చరిత్ర మన దేశమున తొందరలేని చరిత్ర. మన జవానులును పోలీసులును తరతరములుగా మోసినది కాన్పూరులో చేసిన స్టెర్లింగు జాతి 9 మి.మీ. కార్బైను. తూటాల పెట్టె ఎడమ ప్రక్కను, గొట్టము చుట్టును చిల్లుల రేకు. రెండవ ప్రపంచయుద్ధమునాటి ఆంగ్లేయుల ఆలోచన అది. పట్టా యను మాటయే పుట్టని కాలపు వస్తువు గనుక దానిని దూషించి లాభములేదు. దాని స్థానమున వేఱొకటి కావలెనని 2018లో ఎమిరేట్సు దేశపు కారకాల్ కంపెనీ కార్బైనును ఎన్నిరి. 93,895 తుపాకులు తత్తఱగా కావలెననిరి. 2020లో ఆ బేరమును విడిచిరి. తుదకు 2025 డిసెంబరులో 4.25 లక్షల కార్బైనులకు భారత్ ఫోర్జ్, పీఎల్ఆర్ సిస్టమ్స్ కంపెనీలతో ఒడంబడిక వ్రాసికొనిరి. తత్తఱ యనిన మాటకు ఏడేండ్ల అర్థము మన కార్యాలయముల నిఘంటువులోనే కలదు! ఏమైనను తుపాకులు వచ్చుచున్నవి, సంతోషము. ఇకమీద వీనికిని, ఇప్పటికే చేతులలో నున్న వేలకొలది పాత తుపాకులకును ఏ తొడుగు, ఏ దీపము, ఏ చూపుయంత్రము అను బేరములు వరుసగా రానున్నవి. మేము భయపడుచున్నది ఆ బేరములనుగూర్చియే.

భయమేల? తొడుగు చిన్న వస్తువు గదా, నాలుగు మరలు బిగించిన అల్యూమినియపు గొట్టమే గదా యని గుమాస్తా తలచును. చిన్న వస్తువు సంగతి 1999లో కార్గిలు కొండలమీద తెలిసినది. ఇన్సాసు తుపాకి ప్లాస్టిక్ తూటాపెట్టెలు ఆ చలికి బీటలు వాఱినవని అప్పుడు వచ్చిన ఫిర్యాదులు నేటికిని ఎవరును మఱువలేదు. తొడుగు సంగతి అంతకంటె సూక్ష్మము. పాఠకులు కొంచెము ఓపికతో లెక్క వినవలెను. తొడుగు పొడవు ముప్పది సెంటీమీటర్లనుకొందము. దాని కొనను లేజరు దీపము బిగించియున్నది. జవాను చేతి బరువునకో, గోడకు ఆనించినందుననో ఆ కొన మిల్లీమీటరులో పదవవంతు, అనగా ఒక కాగితపు మందము, వంగినది. నూఱు మీటర్ల దూరమున గుఱి మూడు సెంటీమీటర్లకు పైగా తప్పును. మూడు వందల మీటర్లకు పది సెంటీమీటర్లు. గుండెకును భుజమునకును నడుమనున్న దూరమెంతో వైద్యుల నడుగుడు.

కావుననే తెలిసినవారు తొడుగు నెన్నునప్పుడు మొదట అడుగు ప్రశ్న దాని బరువు గాదు, రంగు గాదు, గంట్ల సంఖ్య గాదు. అది గొట్టమును తాకుచున్నదా, లేదా? గొట్టమునకు ముందొకచోట ఆని, వెనుకొకచోట ఇఱికించిన తొడుగైనచో, చేతి ఒత్తిడి గొట్టముపై పడి తూటా దారినే మార్చును. వెనుక తుపాకి శరీరమువద్ద మాత్రమే బలముగా బిగిసి, గొట్టమును ఎచ్చటను తాకక నిలుచు తొడుగైనచో ఆ దోషము లేదు. అమెరికా సైన్యము తన ఎమ్4 కార్బైనుకు మొదట నైట్స్ కంపెనీవారి తగిలింపు తొడుగును వాడెను. వారి ప్రత్యేక దళములు 2005లో డేనియల్ డిఫెన్సు కంపెనీవారి తాకని తొడుగునకు మారినవి. రెండవ ప్రశ్న, వెనుకనున్న బిగింపు ఎట్టిది? ఈ సంగతి మన విజయవాడ ఆటోనగరులో లారీ బాడీ కట్టు మేస్త్రీకి వేఱుగ చెప్పనక్కఱలేదు. బాడీకి ఎన్ని రంగులు వేసినను, ఎన్ని కుచ్చులు కట్టినను, ఛాసిస్‌కు బిగించిన యు-బోల్టులు వదులైనచో లారీ గన్నవరము దాటకముందే కటకట మొదలగును. తొడుగునకు యు-బోల్టు దాని వెనుకటి నట్టు. దానిని చూడక మెఱుగు చూచి కొనువాడు కుచ్చులు చూచి లారీ కొనువాడే.

ఏకే జాతి తుపాకులకు మఱియొక చిక్కు కలదు. దాని పై తొడుగు వాయువు నడచు గొట్టముమీద నుండును. శుభ్రము చేయునప్పుడెల్ల దానిని ఊడదీయవలెను. ఊడదీసి పెట్టినది మునుపటి చోటనే వెండ్రుకవాసి తేడా లేక కూర్చుండునని ఎవరు హామీ యిత్తురు? పై తొడుగుకు పట్టా వేసి, దానిపై ఖరీదైన చూపుయంత్రమును నిలుపుట ఊగులాట బల్లమీద తరాజు పెట్టుట వంటిది.

ఇచ్చట బందరు మాట చెప్పక తప్పదు. 1926లో మచిలీపట్టణమున ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలసినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసినది. రాత్రివేళ చీకటిని చీల్చి చూచు యంత్రములను అచ్చట చేయుచున్నారు. ఆ పనికే సుమారు 360 కోట్లతో నిమ్మలూరున నిర్మించిన నూతన కర్మాగారమును 2025 అక్టోబరులో జాతి కంకితము చేసిరి. కృష్ణాజిల్లావారి చేతిపని సరిహద్దున సైనికుని కన్నగుచున్నదనిన మనకు గర్వముగ నున్నది. ఆ కన్ను దేనిమీద కూర్చుండవలెను? పగటి దుర్భిణికి ముందు తగిలించు రాత్రి చూపు యంత్రము పెక్కుసార్లు కూర్చుండునది ఈ తొడుగు పట్టామీదనే. లక్షల రూపాయల అద్దమును వేల రూపాయల పట్టాపై నిలిపి, ఆ వేలలోను వంద తగ్గించినవానికి టెండరు ఇచ్చినచో, బందరు పనివాని నైపుణ్యమంతయు ఆ వంద రూపాయల సందున జాఱిపోవును.

తక్కువ ధరకే దండము పెట్టు ఈ టెండరు దేవత మన దేశమున సర్వాంతర్యామి. బడి బల్లలకును, కాలువ గట్టులకును ఆ దేవతయే దిక్కు. బల్ల విఱిగిన పిల్లవాడు క్రింద పడి లేచును. తొడుగు వదులైన జవాను లేవడు. ధర చూడవద్దని మేమనము. పరీక్షలో నెగ్గినవారిలో ధర చూడుడు. పరీక్షయే ధరకు లొంగినదైనచో ఇక పరీక్ష యేల?

పరీక్షయు కష్టమైనది కాదు. తొడుగుపై లేజరు బిగించి గుఱి చూడుడు. విప్పి, మరల బిగించి చూడుడు. రెండు మూడు వందల తూటాలు కాల్చి, తొడుగు సెగలెగయుచుండగా చూడుడు. నడుమెత్తునుండి రాతిపై జాఱవిడిచి చూడుడు. అమెరికావారు చేసినది ఇదియే. పికటిన్నీ పట్టా కొలతలను వారు 1995లో ప్రమాణముగ నిలిపిరి: గంటుకును గంటుకును నడుమ 10.01 మి.మీ., గంటు వెడల్పు 5.23 మి.మీ. ఏ దేశపు దీపమైనను ఆ పట్టాపై కూర్చుండును. తరువాత బరువు తగ్గింపగోరి గంట్లకు బదులు చిల్లులు గల తొడుగులు వచ్చినవి. 2012లో కీమోడ్, 2014లో ఎమ్-లాక్. రెండింటికిని భక్తులు బయలుదేఱి, మన సినిమా అభిమానులవలె తగవులాడుకొనిరి. వారి నౌకాదళ పరిశోధనశాల క్రేనులో రెండింటిని ఒకే కత్తిపీటపై పెట్టినది. విప్పి బిగించినపుడు ఎమ్-లాక్ గుఱి సగటున నూఱు గజములకు సుమారు 1.4 అంగుళము మాత్రము కదలినది, కీమోడ్ సుమారు 5.1 అంగుళములు. తగవు తీఱినది. మాకు నచ్చినది ఎమ్-లాక్ గెలుపు గాదు. ఆ ఫలితములను 2017లో లోకమెల్ల చదువునట్లు ప్రకటించిరి. ఓడినవాడును చదివి నోరు మూసికొనెను. మనవారు టెండరు నోటీసును పత్రికలలో అచ్చు వేయింతురు. ఎవరి తొడుగు ఎంత కదలినదో ఆ పట్టికను కూడ అచ్చు వేయించిన ఏ రహస్యము బయటపడును? ఒక తొడుగు వదులని తెలిసినంతమాత్రమున శత్రువు దండెత్తిరాడు. ఆ వదులు తొడుగు మన జవాను చేతిలో నుండుటయే శత్రువునకు మేలు.

స్వదేశిమాట యెత్తి మమ్ము నిలువరింపజూచువారు కలరు. పరదేశపు తొడుగుతో పోల్చుటయే ద్రోహమట! స్వదేశి వ్రతము మాకు క్రొత్త కాదు. కాని ఖద్దరు పేర మిల్లు గుడ్డ నమ్మినవానిని నాడును మనము క్షమింపలేదు. ఇజ్రాయెలు ఎఫ్ఏబీ కంపెనీవారి సామగ్రి మన ఏకే తుపాకులకు ఏండ్లుగా వచ్చుచుండగా, బెంగుళూరులోని ఎస్ఎస్ఎస్ డిఫెన్సు అను స్వదేశి కంపెనీ వారితో పోటీపడి మన ప్రత్యేక దళముల పనిని సంపాదించినది. బిచ్చమెత్తి కాదు, పోటీలో నిలిచి. స్వదేశికి గౌరవమట్టిది. బొమ్మ తుపాకుల కొఱకు చేసిన పోత తొడుగును తెప్పించి, దానిపై మన ముద్ర గ్రుద్ది, దేశభక్తి పేర బిల్లు పెట్టువాడు పరదేశి వర్తకునికంటె అన్యాయస్థుడు.

నిజమైన స్వదేశికి చోటు మన గుమ్మములోనే కలదు. జంక్షనుకు కూతవేటు దూరమున మల్లవల్లి పారిశ్రామికవాటికలో 2025 మార్చినుండి అశోక్ లేలాండువారి బస్సుల కర్మాగారము నడచుచున్నది. ఆటోనగరులో లేతు యంత్రముమీద చేయి తిరిగినవారు వేలు. అల్యూమినియపు కడ్డీని సూత్రము తప్పక మలచుట వారికి బ్రహ్మవిద్య కాదు. వారికి లేనిది కొలత. ఏ మిశ్రలోహము, నట్టు బిగింపు ఎంత, వేడిమీద ఎంత కదలిక సహింతురు అను లెక్కలను ప్రభుత్వము బహిరంగముగ ప్రకటించి, నమూనా తుపాకిని లైసెన్సు గల పరీక్షాస్థలమున నుంచి, ఎవరైనను తమ తొడుగును తెచ్చి బిగించి చూపవచ్చునని పిలిచినచో, ఆరు నెలలలో ఆటోనగరు పేరు ఆ పట్టికలో నుండును. లేదా ఉండకపోవును, అప్పుడును ఎందుచేత లేదో వారికి తెలియును.

తుదిగ ఒక మాట జవానునుగూర్చి. ఎన్నిక సంఘములలో అధికారులుందురు, లెక్కల శాఖవా రుందురు, కంపెనీ ప్రతినిధులు బయట వసారాలో నుందురు. పది గంటల పహరాలో ఆ తొడుగును ఎడమచేత పట్టుకొని నిలుచువాడు ఎచ్చట? అరకిలో అధికమైన బరువు మొదటి గంటలో తెలియదు, తొమ్మిదవ గంటలో తెలియును. నాలుగు వైపుల గంట్ల పట్టా అరచేతిని గీఱునని ఆయనకు తెలియును. చలిలో చేతితొడుగులతో మర తిరుగునో లేదో ఆయనకు తెలియును. రాబోవు మొదటి తొడుగు టెండరు సంఘములో పహరా కాచిన హవల్దారునొకనిని కూర్చుండబెట్టి, ఆయన వ్రాసిన కాగితమును ధరల కాగితముకంటె ముందు విప్పవలెనని రక్షణశాఖను కోరుచున్నాము. ఈ జిల్లాల పార్లమెంటు సభ్యులు వచ్చు సమావేశములో ఈ యొక్క ప్రశ్న అడిగినచో, వారికి వచ్చిన జవాబును ఈ పుటలోనే అచ్చు వేయుదుము.