కుస్తీ ప్రదర్శనము ఎవరి కొఱకు?

గడచిన ఆగస్టు మాసములో ఒకనాటి రాత్రి, మన బోర్డింగునందు దీపములార్పిన పిమ్మట, 7వ తరగతి బాలుడొకడు మంచముపై కెక్కి, నేలమీద చాపపై పరుండియున్న తన స్నేహితునిపై మోచేయి ముందునకు చాచి దుమికెను. క్రిందివానికి మెడ ప్రక్క యెముక విరిగెను. మఱునాడు విచారణ మాకు అప్పగింపబడినది. దుమికిన బాలుని తండ్రిగారిని పిలిపించి సంగతి తెలుపగా వారు మిక్కిలి నొచ్చుకొని, "మాష్టరుగారూ, మావాడు చూచునది పిల్లల కార్యక్రమమే గదా! అందులో రక్తము లేదు, బూతుమాట లేదు. ఆ వస్తాదుల బొమ్మలు అంగళ్లలో అమ్ముచున్నారు. పైగా మా నాన్నగారు వాని ప్రక్కనే కూర్చుండి చూతురు" అనిరి. ఆ సాయంకాలము జరిగిన ఉపాధ్యాయుల సమావేశములో ఇందుకు నేరుగా ఎదురైన మాట వినబడినది. ఆ కుస్తీ చెడ్డవస్తువనియు, సెలవులలో ఇండ్లయందు సయితము పిల్లలు దానిని చూడకుండ తల్లిదండ్రులకు ఉత్తరములు వ్రాయవలెననియు కొందఱు పెద్దలు పలికిరి. ఈ రెండభిప్రాయములలో ఏదియు మాకు సరిగా తోచలేదు. అందులకు కారణములను ఈ సంచికలో విన్నవించుకొనుచున్నాము.

ముందుగా ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. కేబులు టెలివిజను మన యూళ్లకు వచ్చిన క్రొత్తలో మేమును బాలురమే. అమెరికా వస్తాదుల బొమ్మలుగల చీట్లను జేబుల నిండ నింపుకొని, ఎవని యెత్తెంత, ఎవని బరువెంత, ఎవని ఱొమ్ము కొలత యెంత అని పందెములాడినవారమే. లెక్కల పాఠములో ఆ శ్రద్ధ చూపినయెడల మా తండ్రిగారు సంతోషించియుందురు. కావున ఈ విషయమున మేము పరాయివారమై మాటలాడుట లేదు.

ఇక్కడ కుస్తీ యనగా మన పల్లెల గోదాలలో మన్ను పూసికొని పట్టుపట్టు నిజమైన మల్లయుద్ధము గాదు. అమెరికాలో టెలివిజను కొఱకు నడచు ప్రదర్శనము. ఇందులో గెలుపోటములు ముందుగనే నిర్ణయింపబడును. ఈ రహస్యమును 1989లో ఆ వ్యాపారమును నడుపు సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ్యుల యెదుట ఒప్పుకొనిరి. అది వినోదమే గాని క్రీడ కాదని తేలినయెడల క్రీడాధికారుల తనిఖీలు, రుసుములు తప్పునుగదా! అట్లయినను దెబ్బలన్నియు అబద్ధములు కావు. గోదా నేల క్రింద ఇనుప దూలములు, వానిపై చెక్క పలకలు, వానిపై పలుచని మెత్త, దానిపై గుడ్డ యుండును. పడువాడు గడ్డమును ఱొమ్మునకు ఆనించి, వీపంతయు ఒక్కసారి నేల తాకునట్లును, చేతులతో నేలను చఱచునట్లును పడుటను నెలల తరబడి అభ్యసించును. పడవేయువాడు వానిని కాపాడుచునే పడవేయును. మన బోర్డింగులో నున్నది సిమెంటు నేల. చాపపై పరుండినవానికి ఎవ్వరును ఏమియు నేర్పలేదు.

ఇది పిల్లలదా, పెద్దలదా యను ప్రశ్నకు జవాబు కావలెనన్న ఆ సంస్థ నడచిన దారిని కొంత చూడవలెను. 1985 మార్చి 31వ తేదీన న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో మొదటి రెజిల్‌మేనియా జరిగిననాడు ఆ సంస్థకు మూలస్తంభము హల్క్ హోగన్. వ్యాయామము చేయుడనియు, ప్రార్థన మానకుడనియు, విటమిన్లు తినుడనియు బాలురకు బోధించుట అతని వాడుక. అతని పేరిట వ్రాతబొమ్మల కథలు శనివారపు ఉదయములందు పిల్లల కొఱకు టెలివిజనులో వచ్చెను. ఏ ఆదివారపు బడి ఉపాధ్యాయుడును ఆక్షేపింపలేని వేషమది! అయినను 1994లో సంస్థాధిపతి విన్స్ మెక్‌మాన్‌పై స్టెరాయిడ్ మందుల విషయమై విచారణ జరిగినపుడు, ఆ హోగనే సాక్షిగా నిలిచి, తాను ఆ మందులను ఏండ్ల తరబడి వాడితినని ఒప్పుకొనెను. మెక్‌మాన్ నిర్దోషిగా విడువబడెను. విటమిన్ల మాట నమ్మిన బాలుర సంగతి ఏ న్యాయస్థానమును విచారింపలేదు. ప్రదర్శనము శుభ్రముగా నున్నంత మాత్రమున దాని వెనుకనున్నదియు శుభ్రమని తలంపరాదని మేము అప్పుడే నేర్చుకొనవలసినది. నేర్చుకొనలేదు, ఏలయన మాకప్పటికి 14 ఏండ్లు.

పిమ్మట కాలము మాఱినది. ఎదుటి సంస్థ 1995 సెప్టెంబరు నుండి సోమవారపు రాత్రులందే పోటీ ప్రదర్శనమును ఆరంభించెను. హోగన్ అంతకు ముందే అచ్చటికి చేరియుండెను. 1996 జూలై 7వ తేదీన అతడు మంచివాని వేషము విడిచి దుష్టుని వేషము ధరించెను. మెక్‌మాన్ ప్రేక్షకులు తగ్గిపోగా, 1997 డిసెంబరు 15వ తేదీన టెలివిజనులో స్వయముగా కనబడి, మంచివాడు చెడ్డవాడు అను పాతకథ ఇక చెల్లదనియు, తమ ప్రదర్శనము క్రొత్త త్రోవ పట్టుచున్నదనియు, రాత్రి ప్రొద్దుపోవువఱకు మేలుకొను చిన్నవారి విషయమున తల్లిదండ్రులు తామే ఆలోచించుకొనవలెననియు చెప్పెను. ఆ చివరి మాటను గమనింపుడు. కావలివాడు తాళపు చెవిని ఇంటివారి చేతిలో బెట్టి వెళ్లిపోయెను.

అప్పటి గొప్ప నాయకుడు స్టీవ్ ఆస్టిన్. బీరు త్రాగుచు, యజమానిని కొట్టుచు, అసభ్యమైన వ్రేలిసంజ్ఞ చేయుచు ప్రసిద్ధుడైనవాడు. 1996 జూన్ 23వ తేదీన, బైబిలు వచనములు చెప్పుకొను పశ్చాత్తప్తుని పాత్ర ధరించిన ప్రత్యర్థిని ఓడించి, యోహాను సువార్త 3వ అధ్యాయము 16వ వచనపు సంఖ్యకు తన పేరు తగిలించి పరిహసించెను. ఆ మాటయు, ఆ సంఖ్యయు అచ్చువేసిన నల్ల చొక్కాలు అసంఖ్యాకముగా అమ్ముడుపోయినవి. ఆదివారపు బడిలో మేము మొట్టమొదట కంఠస్థము చేసిన వచనపు సంఖ్య అది. మా తరగతిలోని ఒక బాలుడు దానిని ఆ చొక్కా వలననే మొదట నేర్చెను.

ఆ కాలపు సోమవారపు ప్రదర్శనమునకు, 14 ఏండ్లలోపు పిల్లలకు తగదను గుర్తు వేయబడుచుండెను. అయితే ఆ గుర్తు వేసిన వస్తాదుల బొమ్మలే ఆటబొమ్మల అంగళ్లలో చిన్నపిల్లలకు అమ్మబడుచుండెను. తలుపునకు 'రావలదు' అను పలక కట్టి, కిటికీలో మిఠాయి పెట్టినట్లున్నది! పిల్లలు చూడలేదని ఎవ్వరును నమ్మనక్కఱలేదు.

ఇందుకై అమెరికాలో తల్లిదండ్రుల పక్షమున ఒక సంఘము పోరాడెను. 1999లో కోకాకోలా కంపెనీవారు తమ ప్రకటనలను ఉపసంహరించుకొనిరి. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఆ సంఘమువారు, కొందఱు పిల్లల మరణములకు ఈ కుస్తీయే కారణమని ప్రచారము చేసిరి. సంస్థవారు 2000లో దావా వేయగా, 2002లో ఆ సంఘము 35 లక్షల డాలరులు చెల్లించి, ఆ మాట తప్పని బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. మన సమావేశములో, విరిగిన యెముకను చూపి కుస్తీని మొత్తముగా నిషేధింపుడనిన మిత్రులు ఈ సంగతిని ఒకసారి ఆలోచింప గోరుచున్నాము. అన్యాయమైన నేరము మోపినవాని న్యాయమైన ఫిర్యాదును సయితము తరువాత ఎవ్వరును వినరు.

2008 జూలైలో గాలి మరల తిరిగినది. ప్రదర్శనములకు పెద్దల సలహాతో పిల్లలు చూడవచ్చునను మెత్తని గుర్తు వేయబడెను. రక్తము తగ్గినది, బూతు తగ్గినది. మాటెల్ అను బొమ్మల కంపెనీతో ఒప్పందము కుదిరి, 2010 నుండి వారి బొమ్మలు వచ్చినవి. రంగురంగుల చొక్కాల జాన్ సీనా పిల్లలకు ఆరాధ్యుడాయెను. దీర్ఘవ్యాధులతో బాధపడు పిల్లలను కలిసికొని, వారి కోరికలను 650కి పైగా తీర్చిన కీర్తి అతనికి న్యాయముగనే దక్కినది.

ఇప్పుడొక వింత లెక్క చెప్పవలసియున్నది. 2017లో స్పోర్ట్స్ బిజినెస్ జర్నల్ అను అమెరికా పత్రిక, టెలివిజనులో ఆయా ఆటలను చూచువారి మధ్యమ వయస్సును ప్రకటించెను. మధ్యమ వయస్సనగా చూచువారిలో సగముమంది అంతకు పెద్దలు, సగముమంది అంతకు చిన్నలు. ఈ కుస్తీ ప్రేక్షకులకు అది 2000లో 28, 2006లో 33, 2016లో 54! బూతులు మిక్కుటముగా నున్ననాడు చూచినవారు పడుచువారు. పిల్లల కొఱకు శుభ్రము చేసిన పిదప చూచినవారు తాతలు.

దీనిని చూచి పాత అభిమానులు, శుభ్రము చేయుటవలననే పడుచువారు పాఱిపోయిరని వాదింతురు. మాకు అట్లు తోచదు. 2000 నుండి 2006 వఱకు గడచినవి 6 సంవత్సరములు. వయస్సు పెరిగినది 5 సంవత్సరములు. అప్పటికింకను శుభ్రత మొదలుకాలేదు. అనగా అవే మనుష్యులు అవే కుర్చీలలో కూర్చుండి ముసలివారగుట అప్పుడే మొదలైనది. ఆ మీదటి పదేండ్లలో 21 సంవత్సరములు పెరుగుట వట్టి వార్ధక్యము వలన గాదు. చిన్నవారు టెలివిజను విడిచి చేతి ఫోనులలోనికి పోయిరి. ఫోనులో తునుకలు తునుకలుగా చూచువారు ఆ లెక్కలోనికి రారు. అదే పట్టికలో ఇంచుమించు అన్ని ఆటల ప్రేక్షకులును ముసలివారైరి. బేస్‌బాల్ ఆటలో బూతును తీసివేయుటవలన వారు ముసలివారు కాలేదుగదా!

సంస్థవారు మాత్రము ఈ రెండు వయస్సులవారిని ఒకే తాటికి కట్టు విద్యను బాగుగా నేర్చిరి. సీనా గోదాలోనికి వచ్చునపుడు సన్నని గొంతులు జయమనుచుండెను, వెంటనే బొంగురు గొంతులు ఛీ యనుచుండెను. రెండును తాళము తప్పక వంతులవారీగా సాగుచుండెను. రెండు గొంతులవారును టిక్కెట్లు కొన్నవారే. 2025 మార్చి 1వ తేదీన టొరాంటో నగరములో ఆ సీనాయే, 1996 నాటి హోగను వలె, దుష్టుని వేషము ధరించెను. పిల్లల నాయకుడని నమ్మినవారిని ఎవ్వరును సలహా యడుగలేదు. ఆ సంవత్సరము జనవరి నుండి అమెరికాలో సోమవారపు ప్రదర్శనము నెట్‌ఫ్లిక్సునకు మాఱినది. త్రోవ మాఱినప్పుడెల్ల వేషమును మాఱును.

కావున తండ్రిగారు "పిల్లల కార్యక్రమమే" అనుటకు ఆధారము లేదు. ఆ మెత్తని గుర్తునకు అర్థము సయితము 'పిల్లలది' అని గాదు, 'తల్లిదండ్రులు దారి చూపవలెను' అని. అమెరికాలో ఆ గుర్తును వేయువారు ప్రసారము చేయువారే. 1997లో ఆ పద్ధతి ఆరంభమైననాటి నుండియు అంతే. మన బాలుని తాతగారు ప్రక్కనే కూర్చుండిరి, నిజమే. 2023 సెప్టెంబరు 8వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలిలో ఆ ప్రదర్శనము జరిగి సీనా వచ్చినపుడు మనుమని వెంటబెట్టుకొని పోయినవారును వారే. కాని వారు మనుమనితో ఒక్కమాటయైన చెప్పలేదట. "అది ఉత్తుత్తి దని వానికి తెలియుననుకొంటిని" అని మాతో అనిరి. బాలుని అడుగగా, "ఉత్తుత్తి దని తెలుసు సార్, అందుకే దెబ్బ తగలదనుకొన్నాను" అనెను. ఈ రెండు వాక్యముల నడుమ ఒక బాలుని యెముక విరిగినది.

నిషేధమును మేము కోరకపోవుటకు కారణమిదియే. ఇంటి గదిలో, ఫోనులో, తునుకలుగా చూచుదానిని మనమెట్లు నిషేధింపగలము? ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో, అక్టోబరు నుండి నెలకొక శనివారము సాయంకాలము హాలులో ఒక్క కుస్తీని పిల్లలతో కలసి చూచుచున్నాము. నడుమ నడుమ ఆపి, వాడెట్లు పడెను, ఎదుటివాని చేయి వాని మెడ క్రింద ఏల నున్నది, దీనిని ఎవరికి అమ్మదలచి ఇట్లు చేసిరి అని అడుగుచున్నాము. చివరి ప్రశ్నకు 6వ తరగతివారు చెప్పు జవాబులు మాకంటె పదునుగా నున్నవి. ఇంతవఱకు మూడు పర్యాయములు జరిగినది. విరిగిన యెముక అతికినది. ఆ బాలుడును, దుమికినవాడును ఒకే బల్లపై కూర్చుండుచున్నారు. డిసెంబరులో తాతగారు కూడ వచ్చిరి. వారు తెరను చూచినదానికంటె పిల్లలను చూచినదే యెక్కువ. రాగోరు తల్లిదండ్రులు ముందుగా ఒక చీటి వ్రాసి పంపినయెడల కుర్చీ వేయింతుము.