అడుగున చేరిన నూగు

నదిలో ప్లాస్టిక్ అనగానే రేవులో తేలే సంచులూ సీసాలే మనసులో మెదులుతాయి గానీ, 5 మిల్లీమీటర్ల లోపు ఉండి మైక్రోప్లాస్టిక్ అనిపించుకునే తునకల్లో చాలా భాగం కంటబడకుండా అడుగుకు చేరుతుంది. పాలిథీన్ నీటికన్నా తేలిక కనుక తేలుతుంది. పాలియెస్టర్ బరువు కనుక మునుగుతుంది. పాలియెస్టర్ జార్జెట్ చీరను వాషింగ్ మెషీన్‌లో వేసినప్పుడు రాలే నూగు, వెంట్రుకకన్నా సన్నని పోగులుగా మురుగుకాలువలో కలిసి, చివరికి నది ఇసుక సందుల్లో ఇరుక్కుంటుంది.

ఆ అడుగును తరచి చూసిన పరిశోధనల్లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారిది ఎన్నదగినది. ఇంగ్లండులోని ఆ నగర పరిసరాల్లో 10 నదుల నుంచి, 40 చోట్ల ఒండ్రు తీసి లెక్కించిన ఆ బృందం, డెంటన్ దగ్గర టేమ్ నదిలో ఒకచోట చదరపు మీటరుకు 5 లక్షలకు పైగా తునకలున్నాయని 2018లో ప్రకటించింది. 2015-16 చలికాలపు వరదల తర్వాత మళ్లీ చూస్తే, అడుగున ఉన్న మొత్తం నిల్వలో సుమారు 70 శాతం కొట్టుకుపోయింది. నది శుభ్రపడిందని సంబరపడడానికి లేదు, ఆ కడుగునీళ్లు చేరేది సముద్రానికే. శుద్ధి చేయని మురుగును వానలు లేని రోజుల్లో, ప్రవాహం మందగించినప్పుడు వదిలేయడమే తునకలు ఇంతగా పేరుకోవడానికి ప్రధాన కారణమని 2021లో అదే బృందం తేల్చింది.

ఈ మాట మూసీకి మరీ వర్తిస్తుంది. 1908 వరద బీభత్సం తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ హైదరాబాదుకు రక్షణ ఇచ్చాయి, సందేహం లేదు. అయితే అడుగును కడిగే పొంగు అరుదైపోగా, వేసవిలో నగరం నడుమ పారేది చాలావరకు మురుగే. దిగువన కత్వలనే చిన్న ఆనకట్టల వెంట వరిమళ్లకూ పచ్చగడ్డి మళ్లకూ మళ్లేది ఆ నీరే. మిగిలినది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాల వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులపై దేశమంతటా అమలైన నిషేధం మంచిదే గానీ, బట్టల నూగు దాని పరిధిలోకి రాదు. కాలువలో కలిశాక దాన్ని ఆపగలిగేది మురుగుశుద్ధి కేంద్రమే, అదీ కొంతవరకే. అక్కడ చిక్కిన పోగులు చాలావరకు బురదలో మిగులుతాయి. ఆ బురదను ఎరువుగా పొలానికి తోలితే, వానకు కోసుకుపోయే మట్టితో అవి తిరిగి వాగు దారి పట్టవచ్చు.