పాత ప్రాంగణానికి పసిపిల్లలతో

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1817 అక్టోబరు 17న జన్మించారు. ఆయన 1875లో నెలకొల్పిన విద్యాలయమే 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంగా రూపుదాల్చింది. ఏటా అక్టోబరు 17న పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి చేరుకుంటారు. వివాహానికి పూర్వం వేర్వేరుగా అక్కడ చదువుకున్న మేము గత ఏడాది మా నాలుగేళ్ళ బాబును, ఏడాదిన్నర పాపను వెంటబెట్టుకొని హైదరాబాదు నుంచి బయలుదేరాము.

రైలు కదలగానే, జుఖ్రుఫ్ సూరాలోని ప్రయాణపు దుఆ చదివాము. బాబు తన ముద్దు మాటలతో తిరిగి పలికాడు. ఢిల్లీకి ఒక పగలు, ఒక రాత్రి; అక్కడి నుంచి అలీగఢ్‌కు మరో 130 కిలోమీటర్లు. ప్రయాణీకునికి జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగుకు బదులు రెండేసి రకాతులే. ఫజర్, మగ్రిబ్ నమాజులలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక చదివినప్పుడు మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. అల్లాహ్ ప్రయాణీకుని కష్టాన్ని గుర్తించి, తన ఆరాధనలోనే ఇంత వెసులుబాటు ప్రసాదించాడు. మేము మాత్రం మా పిల్లలకు ఆ వెసులుబాటు ఇవ్వలేకపోయాము.

చేరిన సాయంత్రమే పాత మిత్రుల పిలుపులు మొదలయ్యాయి. ఒకరి ఇంట టీ, మరొకరి ఇంట భోజనం. పిల్లల అబ్బా మిత్రులతో ముచ్చట్లలో మునిగిపోయారు. అమ్మీ ఒక మూల గదిలో ఇద్దరినీ సముదాయిస్తూ కూర్చున్నారు. ఆమె కూడా అదే దూరం ప్రయాణించి వచ్చారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రాత్రి పది దాటింది. మూడో ఇంట బాబు షర్బతు గ్లాసు విసిరికొట్టి బిగ్గరగా ఏడ్చాడు. నలుగురిలో పరువు పోయిందని మేమిద్దరమూ వాణ్ణి గట్టిగా మందలించాము. వాడు వెక్కుతూనే నిద్రపోయాడు.

బసకు చేరాక మాకు నిద్ర పట్టలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నమాజును దీర్ఘంగా చేయించాలని సంకల్పించినా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి పడే వేదనను తలచి సంక్షిప్తం చేసేవారని బుఖారీ హదీసు తెలుపుతోంది. బిడ్డ ఏడుపు విని నమాజునే తగ్గించిన కరుణ అది. మేము ఒక టీ విందును కూడా తగ్గించలేకపోయాము. వాడు చేసింది అల్లరి కాదు, అలసట. ఆ తేడా పోల్చుకోవలసింది మేమే.

మర్నాడు పద్ధతి మార్చుకున్నాము. ఉదయం అబ్బా ఇద్దరు పిల్లలనూ తమ వద్ద ఉంచుకొని, అమ్మీని రెండు గంటలు నిశ్చింతగా మహిళా కళాశాల స్నేహితురాళ్ళ వద్దకు పంపారు. ఆమె తిరిగి వచ్చాక అబ్బా వంతు. మధ్యాహ్నం పిల్లల నిద్రకు భంగం కలిగించలేదు. రాత్రి విందులో పెందలాడే భోంచేసి సెలవు తీసుకున్నాము. కొందరు మిత్రులను కలుసుకోలేకపోయాము. ఫోనులో సలాం చెప్పి క్షమాపణ కోరాము.

అసర్ వేళ జామా మసీదుకు వెళ్ళాము. ఆ ప్రాంగణంలోనే సర్ సయ్యద్ సమాధి ఉంది. "ఈ తాతగారే మీకు చదువు చెప్పారా?" అని బాబు అడిగాడు. "లేదు నాన్నా, మేము చదువుకోవడానికి చోటు ఏర్పరచారు" అన్నాము. వాడు కాసేపు ఆలోచించి, "మరి నాకు?" అన్నాడు. వాణ్ణి అంత దూరం తీసుకువెళ్ళినందుకు మాకు దక్కిన ఫలం ఆ ఒక్క ప్రశ్నే. ముందు రాత్రి అలసటలో వాడు అది అడిగి ఉండేవాడు కాదు.

ప్రయాణం మనిషి తిండికి, నిద్రకు అడ్డు వచ్చే యాతన అనీ, పని ముగియగానే త్వరగా ఇంటివారి వద్దకు మరలాలనీ ప్రవక్త (స) బోధించారు. పెద్దలకే యాతన అయినది పసివాళ్ళకు ఎంతటిదో ఆలోచించండి. పాత స్నేహాలను కలుపుకోవడం మంచిదే. అయితే వెంట వచ్చిన పిల్లలు మన సామాను కారు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఏ సమ్మేళనానికి వెళ్ళినా వారి ఆకలి, నిద్ర వేళలను ముందు నిర్ణయించుకొని, మిగిలిన సమయాన్నే మిత్రులకు కేటాయిద్దాం. పిల్లల బాధ్యతను తల్లిదండ్రులిద్దరమూ సమంగా పంచుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.