ఫ్లెక్సీ చేతికి వెబ్‌సైటు అందితే

ధర్పల్లి లాంటి మండల కేంద్రంలో డిజైనర్ అంటే ఫ్లెక్సీ, పెళ్లిపత్రిక, విజిటింగ్ కార్డు, ఎన్నికలొస్తే కరపత్రం, అన్నీ ఒక్కడే. ఈ కుర్రాళ్ల చేతివేగం చూస్తే ముచ్చటేస్తుంది. గిరాకీ పక్కనే కుర్చీ వేసుకొని "అన్నా, మా సర్పంచ్ సాబ్ ఫొటో జర పెద్దగ పెట్టు" అంటుండగానే డజను మొహాలు కత్తిరించి, హోదా ప్రకారం సైజులు సర్దేస్తారు. ఎవరి తల ఎవరికన్నా చిన్నదైతే గొడవొస్తుందో వాళ్లకు ఏ కోర్సూ నేర్పలేదు.

ఇప్పుడు వీళ్ల దగ్గరికే పసుపు వ్యాపారి, ఫంక్షన్ హాలు యజమాని, ప్రైవేటు బడివాళ్లు వెబ్‌సైటు కోసం వస్తున్నారు. ఇక్కడే ఒక మంచి అలవాటు అడ్డం పడుతోంది.

ప్రెస్సుకు ఫైలు పంపేముందు కోరల్‌డ్రాలో అక్షరాలను 'కర్వ్స్' చేయడం ఈ పనిలో మొదటి పాఠం. అక్షరం బొమ్మైపోతుంది కాబట్టి అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా చెదరదు. అచ్చుకు అది సరైన పనే. అదే చేత్తో వెబ్‌సైటులోనూ తెలుగంతా జేపీజీ చేసి అతికిస్తే వచ్చింది చిక్కు. వెతికేవాడికి ఆ మాటలు అందవు. చూపులేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. ఫోన్ నంబరు మీద వేలు పెడితే కాల్ పోదు.

ఇలా ఎందుకు చేస్తారంటే, డీటీపీ పనిలో వాడే అనూ ఫాంట్లలో కొట్టిన మాట కంప్యూటర్ లోపల తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగారంతే. దాన్ని వెబ్ పేజీలో పేస్ట్ చేస్తే పిచ్చిగీతలే. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారి తాను రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను ఉచితంగానే ఇచ్చారు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు గూగుల్ ఫాంట్స్‌లో పైసా లేకుండా దొరుకుతాయి, అచ్చుకూ వాడుకోవచ్చు. 'యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవు' అనే సాకు నేనింక ఒప్పుకోను.

ఫాంటు ఎంచుకునేటప్పుడు మొదట 'ధర్పల్లి' అని కొట్టి చూడండి. ర కింద ప వత్తు, ల కింద ల వత్తు, పైన గుడి. తర్వాత 'లక్ష్మీ', 'రాష్ట్రం'. వత్తులు ఒకదాన్నొకటి రాసుకోకుండా, చిన్న సైజులో కూడా పూడిపోకుండా ఉంటేనే ఆ ఫాంటు పనికొస్తుంది. ఇంగ్లీషు కోసం కట్టిన టెంప్లేట్లలో హెడింగుల లైన్ హైట్ తరచు 1.2 దగ్గర ఉంటుంది. అందులో పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. 1.6 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూసుకోవాలి. లెటర్ స్పేసింగ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, వత్తు అక్షరాన్ని విడిచి పక్కకు జరిగే ప్రమాదముంది. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు ముక్కలుగా విడిపోతే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. పాత వెర్షనైతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'వరల్డ్-రెడీ' లేఅవుట్ పెట్టారో లేదో చూడండి. (పెద్ద కంపెనీలకూ మన అక్షరం కొత్తే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం చేరితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.)

రంగుల సంగతి. ఎరుపు మీద పసుపు ఫ్లెక్సీకి నప్పుతుంది గానీ, లేత పసుపు మీద తెల్లక్షరం మిట్టమధ్యాహ్నం పొలంగట్టున రైతు ఫోన్‌లో కనబడదు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. లెక్కగట్టే పరికరాలు నెట్‌లో ఊరికే దొరుకుతాయి.

వ్యాపారి వాట్సాప్‌లో తెలుగులో టైపు చేసి పంపే మేటరు ఎటూ యూనికోడే. దాన్ని మళ్లీ అనూలో కొట్టి, బొమ్మ చేసి, సైటులో పెట్టడం రెండింతల చాకిరీ. పాత అనూ ఫైళ్లకు కన్వర్టర్లున్నాయి. వాటి చేతిలో వత్తులు అక్కడక్కడ జారతాయి కాబట్టి ప్రూఫు చూడక తప్పదు. ఆ ప్రూఫుకు వేరే డబ్బులు అడగండి. ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్క ఉన్నట్టే దీనికి పేజీ లెక్క పెట్టుకోవచ్చు.