మద్దెల నిజంగానే ఓడైతే

"ఆడలేక మద్దెల ఓడన్నాడట!"

మా 14 ఏళ్ళవాణ్ణి నేనన్న మాట ఇది. వాడు స్కూలు జాజ్ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాడు. జనవరిలో ఒకరోజు దాన్ని మూలన పెట్టేసి, "మొదటి ఫ్రెట్ల దగ్గర ఏది నొక్కినా జరజరమంటోంది నాన్నా, నా వల్ల కాదు" అన్నాడు. ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి సాకనుకుని సామెత విసిరాను. వాడికి సామెత అర్థం కాలేదు గానీ నా గొంతు అర్థమయింది. రెండు వారాలు గిటార్ ముట్టుకోలేదు.

తరవాత తెలిసింది, మద్దెల నిజంగానే ఓడని. న్యూజెర్సీ చలికాలంలో హీటరు రాత్రింబవళ్ళు నడిచి ఇంట్లో గాలి ఎండిపోయింది. గాలితోపాటు చెక్కా ఎండింది. గిటార్ మెడ వెనక్కి వంగి తీగలు ఫ్రెట్లకు రాసుకుంటున్నాయి. పిల్లవాడి వేళ్ళలో లోపమేమీ లేదు.

శనివారం విందులో ఈ సంగతి చెప్తే మిత్రులు మూడు సలహాలిచ్చారు. పారేసి కొత్తది కొను. లేదా షాపులో పడెయ్. మూడోది అచ్చమైన ఐటీ సలహా: "నీ గంట రేటెంత? నాలుగ్గంటలు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఎంత నష్టమో లెక్కేశావా?"

అది దొంగలెక్క. శనివారం మధ్యాహ్నం నాకు ఏ క్లయింటూ డబ్బివ్వడు. ఆ నాలుగ్గంటలూ సోఫాలో పడి క్రికెట్ చూస్తే కనపడని నష్టం, బల్ల మీద గిటార్ విప్పితేనే కనపడుతుందా?

పైగా ఈ వాయిద్యం పుట్టిందే విప్పి బిగించడానికి. 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చిన లియో ఫెండర్, అంతకుముందు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. మెడను జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించాడు. పాడైతే మెడ ఒక్కటే మార్చుకోవచ్చు. రిపేర్లు చేసి చేసి వచ్చిన తెలివి అది.

నాలుగు తీగలూ కలిసి ఆ మెడను 160 పౌన్లకు పైగా బలంతో లాగుతాయి. దానికి ఎదురు నిలిచేది మెడలో దాగిన ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్. తీగను మొదటి ఫ్రెట్టు దగ్గరా, మెడ ఒంటిని కలిసేచోటా నొక్కి పట్టి, మధ్యలో ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర చూడాలి. తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందుండాలి. మా గిటార్‌కి అసలు సందే లేదు. అలెన్ కీతో పావు చుట్టు వదులు చేశాం. మళ్ళీ శ్రుతి చేసి, మర్నాడు చూసి, ఇంకో పావు. అంతే వైద్యం. తొందరపడి బలవంతాన తిప్పితే రాడ్ విరుగుతుంది, మిత్రుల సలహా నెగ్గుతుంది.

బాగుచేసుకోవడమే కాదు, మార్చుకోవడమూ వాయించేవాడి హక్కే. జాకో పాస్టోరియస్ తన 1962 నాటి జాజ్ బేస్‌ని ఫ్రెట్లు లేకుండా, పలక మీద పడవలకు వాడే ఎపాక్సీ పూసి వాయించాడు. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్‌లో వినపడే ఆ గొంతుని ఏ ఫ్యాక్టరీ పెట్టెలో పెట్టి అమ్మలేదు. మేం అంత సాహసం చెయ్యలేదు. బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూర్చాం. పాత రికార్డుల్లోలాగా స్వరం పొట్టిగా మోగి ఆగుతోంది.

అన్నీ ఇంట్లోనే చెయ్యమనడం లేదు. ఫ్రెట్లు మార్చడం నేర్పరి పని. పాతకాలపు విలువైన గిటార్లను కదిలించకండి, సొంత భాగాలు మారిస్తే ధర పడిపోతుంది. యాంప్లిఫయర్ మాత్రం అసలు విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలవుండొచ్చు. ఇక షాపువాడి పొట్ట కొడుతున్నానంటారా? నా చేత్తో చేశాకే అతని పనితనం తెలిసింది. ఇకమీదట అతని దగ్గర బేరమాడను.

అసలు అడ్డు డబ్బు కాదు, చేతిపని మీద మనకున్న చిన్నచూపు. "చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా" అని మా నాన్న బెదిరించేవారు. ఆ చిన్నచూపుని రెండు సూట్‌కేసుల్లో సర్దుకుని విమానమెక్కాం. దసరాకి కారుకీ లాప్‌టాప్‌కీ బొట్టు పెడతాం, మిగతా ఏడాదంతా పనిముట్టు ముట్టం. విద్వాంసుడికి శాలువా కప్పుతాం, ఆయన మృదంగానికి తోలు బిగించినవాడి పేరడగం. తమిళనాట ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది దళితులు. వాళ్ళ గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాసేదాకా మనలో ఎంతమందికి ఆ ఆలోచనైనా వచ్చింది? ఎడిసన్‌లో అద్దాల బీరువాలో చిన్న బొబ్బిలి వీణ పెట్టుకున్న ఇళ్ళు చూశాను. పనసదుంగని తొలిచి వీణ చేసే గొల్లపల్లి చేతుల ప్రస్తావన ఆ ఇళ్ళలో ఒక్కసారీ వినలేదు. మా ఇల్లూ అందులో ఒకటే.

ఫిబ్రవరిలో గిటార్ గరగరమంటే మావాడే విప్పాడు. కేబుల్ దూర్చే జాక్ వదులై, తిరిగి తిరిగి లోపల తీగె తెగింది. టంకం వాడే పెట్టాడు. మొదటిసారి ముద్దగా వచ్చింది, పీకేసి మళ్ళీ పెట్టాడు. ఈసారి నున్నగా మెరిసింది. చేసిన పని సరిగ్గా ఉందో లేదో ఎవరూ మార్కులు వెయ్యక్కర్లేదు, ప్లగ్గు పెడితే అదే చెప్తుంది. నేను రాసే కోడ్‌కి ఈ భాగ్యం అరుదు.

మొన్న వాయిస్తూ ఒక స్వరం తప్పాడు. నేనేమీ అనలేదు. వాడే నవ్వి, "ఈసారి మద్దెల బాగానే ఉంది నాన్నా" అన్నాడు.