వైరస్ అదుపులోకి వచ్చింది, కిడ్నీ సంగతి ఎవరు చూడాలి?

ప్రపంచంలో ఎక్కువ మంది హెచ్‌ఐవీ బాధితులు ఇప్పుడు వాడుతున్నది టీఎల్‌డీ అనే ఒకే ఒక్క మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు అందులో కలిసి ఉంటాయి. ఈ మాత్రకు హైదరాబాద్‌తో గట్టి బంధం ఉంది. ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే దీన్ని పేద దేశాలకు ఇస్తామని 2017 సెప్టెంబరులో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఇక్కడి అరబిందో ఒకటి. ఇదే నగరానికి చెందిన హెటిరో, లారస్ కూడా ఈ మందులతోనే ఆఫ్రికా మార్కెట్లో నిలదొక్కుకున్నాయి. 2023 ఆగస్టు నాటికి, పేద దేశాల కోసం మందులు కొనే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్ చెల్లించే ధర 45 డాలర్ల లోపుకు దిగింది. మందు అందుబాటులోకి తెచ్చే పోరాటంలో ఇది పెద్ద గెలుపు. అయితే ఆ మాత్రను ముప్పై, నలభై ఏళ్లపాటు రోజూ మింగే శరీరానికి ఏమవుతుందో తేల్చే పరిశోధనకు మాత్రం ఆ స్థాయిలో డబ్బు రావడం లేదు.

టెనోఫోవిర్ మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. పోతూ పోతూ కొందరిలో అక్కడి సన్నని నాళాలను దెబ్బతీస్తుంది. వయసు పైబడినవారికి, బక్కపలచని వారికి, బీపీ, షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. దీన్ని కనిపెట్టడానికి హెచ్‌ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ కేంద్రాలు ప్రధానంగా క్రియాటినిన్ (కండరాల నుంచి రక్తంలో చేరే వ్యర్థం) పరీక్షను నమ్ముకుంటాయి. చిక్కంతా అక్కడే. డోలుటెగ్రావిర్ వల్ల కిడ్నీకి ఏ హానీ జరగకపోయినా రక్తంలో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. కండ తక్కువగా ఉన్న మనిషిలో కిడ్నీ నిజంగా చెడిపోతున్నా ఆ అంకె మామూలుగానే కనబడవచ్చు. ఏది మందు చూపే భ్రమ, ఏది అసలు జబ్బు అన్నది మన శరీరాల మీద అధ్యయనం చేస్తేనే తేలుతుంది. వేరే దేశాల వారి లెక్కలతో కట్టిన సూత్రాలు ఇక్కడ పూర్తిగా సరిపోవు.

ఆలస్యంగా తెలుసుకోవడం ఎంత ఖరీదైనదో మనకు అనుభవమే. 2004 ఏప్రిల్‌లో దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. అది ప్రాణాలు నిలబెట్టింది. కానీ బుగ్గలు పీక్కుపోయి, కాళ్లూ చేతులూ సన్నబడి, ముఖం చూడగానే జబ్బు బయటపడే పరిస్థితి తెచ్చింది. ఊళ్లో దాచుకున్న రహస్యాన్ని మందే బట్టబయలు చేసింది. దాన్ని క్రమంగా ఆపేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసరికి 2009 వచ్చింది. ఇప్పుడు సమస్య తిరగబడింది. దక్షిణాఫ్రికాలో 1,053 మందిపై జరిగిన అడ్వాన్స్ ట్రయల్, డోలుటెగ్రావిర్‌తో బరువు పెరుగుతుందనీ, ఆ పెరుగుదల ఆడవాళ్లలో ఎక్కువనీ 2019లో చూపింది. తక్కువ బరువుకే షుగర్ వచ్చే జనాభా మనది. ఇక్కడ దాని పర్యవసానం ఏమిటన్నది పక్కన పెట్టదగ్గ ప్రశ్న కాదు.

డబ్బు ఎటు పోతోందో చూద్దాం. హెచ్‌ఐవీ పరిశోధనకు ప్రపంచంలో అతి పెద్ద దాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్. ఇటీవలి ఏళ్లలో ఇందుకు ఏటా సుమారు 330 కోట్ల డాలర్లు కేటాయిస్తూ వచ్చింది. తన బడ్జెట్‌లో పదో వంతు ఎయిడ్స్‌కు కేటాయించే పాత ఆనవాయితీని 2015లో వదులుకుని, ప్రాధాన్యాలను తిరగరాసింది. దీర్ఘకాలంలో వచ్చే ఇతర జబ్బులను కూడా ఆ ప్రాధాన్యాల్లో చేర్చింది. కాగితం మీద ఇది మంచి మలుపే. కానీ సొమ్ములో సింహభాగం అంటువ్యాధుల విభాగానిదే. మధుమేహం, జీర్ణకోశం, కిడ్నీ వ్యాధులను చూసే విభాగానికి దక్కేది చిన్న వాటా. నా అభిప్రాయంలో, ఇలాంటి పరిశోధన ఇల్లు లేని బిడ్డలా మిగలడానికి ఆ చీలికే కారణం. కిడ్నీ నిపుణులకు అది ఎయిడ్స్ వాళ్ల పని, ఎయిడ్స్ నిపుణులకు కిడ్నీ వాళ్ల పని.

వచ్చిన కొద్ది డబ్బుతోనే ఎంత తేలిందో చూస్తే ఈ నిర్లక్ష్యం మరింత బాధిస్తుంది. ఇన్ఫెక్షన్ సోకిన కొద్ది వారాల్లోనే పేగుల్లోని సీడీ4 అనే రోగనిరోధక కణాలు భారీగా నశిస్తాయి. పేగు గోడ బలహీనపడి బ్యాక్టీరియా శకలాలు రక్తంలోకి కారతాయి, ఒంట్లో వాపు ప్రక్రియను రాజేస్తాయి. 2006లో ఎన్‌ఐహెచ్ పరిశోధకులు బలంగా ముందుకు తెచ్చిన విషయమిది. రక్తంలో వైరస్ మోతాదు (వైరల్ లోడ్) కనబడని స్థాయికి దిగినా గుండె జబ్బులు ఎందుకు ఎక్కువన్న ప్రశ్నకు ఒక ఆధారం అక్కడ దొరికింది. భారత్ సహా 12 దేశాల్లో 7,769 మందితో జరిగిన రిప్రీవ్ ట్రయల్ 2023లో మరో అడుగు వేసింది. ముప్పు పెద్దగా లేదనుకున్న హెచ్‌ఐవీ బాధితుల్లో కూడా కొలెస్ట్రాల్ తగ్గించే పిటవాస్టాటిన్ మాత్ర గుండెపోటు వంటి ప్రమాదాలను మూడో వంతుకు పైగా తగ్గించింది. అదే మాత్ర వేసుకున్నవారిలో షుగర్ కాస్త ఎక్కువ మందికి వచ్చింది కూడా. అంత పెద్ద ట్రయల్ లేకుంటే ఈ రెండు సంగతుల్లో ఒక్కటీ బయటపడేది కాదు.

అన్నిటికన్నా నన్ను కదిలించేది కిడ్నీ మార్పిడి కథ. హెచ్‌ఐవీ ఉన్న దాత అవయవాన్ని వాడటం అమెరికాలో ఒకప్పుడు చట్టరీత్యా నిషిద్ధం. కేప్‌టౌన్‌లో ఎల్మి ముల్లర్ అనే సర్జన్ 2008లో అలాంటి కిడ్నీలను హెచ్‌ఐవీ రోగులకే అమర్చి దారి చూపారు. 2013లో అమెరికా చట్టం మార్చి, పరిశోధనగా మాత్రమే అనుమతించింది. 198 మంది కిడ్నీ గ్రహీతలపై అధ్యయనం 2024 అక్టోబరులో వెలువడింది. దాతకు హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా ఫలితాలు దాదాపు ఒకటే. మరుసటి నెలలోనే కిడ్నీ, కాలేయ మార్పిడులకు పరిశోధనగానే చేయాలన్న ఆ షరతు తొలగించారు.

ఈ ఊపు ఇప్పుడు తగ్గే ప్రమాదం ఉంది. తన గ్రాంట్ల నుంచి విదేశీ భాగస్వాములకు ఉపగ్రాంట్లు ఇచ్చే పద్ధతిని కొత్త విధానం వచ్చేదాకా ఆపుతున్నట్లు ఎన్‌ఐహెచ్ 2025 మే 1న ప్రకటించింది. బహుళ దేశాల ట్రయళ్లకు ప్రాణాధారం ఆ ఉపగ్రాంట్లే.

మనం అమెరికా వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. 2021-26 జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమానికి కేంద్రం రూ.15,471.94 కోట్లు కేటాయించింది. నివారణకు, చికిత్సకు అది తప్పనిసరి ఖర్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు, కొందరు రెండు దశాబ్దాలుగా మందుల మీద ఉన్నారు. ఏఆర్‌టీ మందులు వాడేవారికి ఈ రాష్ట్రం నెలకు రూ.4,000, డయాలసిస్‌పై ఉన్నవారికి రూ.10,000 పింఛను ఇస్తోంది. అంటే రెండు జాబితాలూ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. కారణం తేలని కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా అల్లాడుతున్న ఉద్దానం ప్రాంతం ఈ రాష్ట్రంలోనిదే. అక్కడి పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం కోరే గోప్యతను కాపాడుతూ, పేర్లు తీసేసి, ఆ జాబితాలను ఏఆర్‌టీ కేంద్రాల క్రియాటినిన్ రికార్డులతో కలిపి చూసే అధ్యయనానికి కొత్త భవనాలు అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ చెరి సగం భరిస్తే సరిపోయే పని అది. వచ్చే దశ జాతీయ కార్యక్రమానికి లెక్కలు వేసేటప్పుడే దీనికి విడిగా ఒక పద్దు పెట్టాలి.